స్నానం ముగిశాక ఆ గది ఏం చేస్తుంది?

కొత్తగా ఇల్లు కట్టించుకుంటున్న దగ్గరి బంధువు ఒకరు, తమ పడకగదిని ఆనుకుని రాబోయే స్నానపు గది నమూనా చిత్రాలను ఇటీవల నాకు పంపించి, స్పాలా ఉందో లేదో చెప్పమన్నారు. ఉంది. నిలువెత్తు కిటికీ పక్కన గుడ్డు ఆకారపు టబ్బు, నడినెత్తిన వానలా కురిసే వెడల్పాటి షవరు, నేల నుంచి పైకప్పు దాకా ఒకే రాయి, ఆ రాతి అంచుల వెనక నుంచి జారే మెత్తని వెలుతురు, అన్నీ కుదిరాయి. అయితే చాలాసేపు చూశాక ఆ చిత్రాలలో లేనివి నా కంటబడడం మొదలైంది. తడి తువాలు ఎక్కడా లేదు. నీళ్లు పోయే జాలీ లేదు. గాలి బయటికి వెళ్లే దారి ఏ గోడలోనూ లేదు. అద్దానికి ఆవిరి పట్టలేదు, నేల మీద ఒక్క చుక్క పడలేదు. అందులో ఇంకా ఎవరూ స్నానం చేయలేదు.

స్పాకు వెళ్లి వచ్చినవారికి గుర్తుండేవి వెచ్చదనం, నిశ్శబ్దం, పొడిగా మడతపెట్టి ఉంచిన తువాలు. మనం ఆ గదిలో నుంచి బయటికి రాగానే ఎవరో ఒకరు లోపలికి వెళ్లి నేల తుడుస్తారు, అద్దాలు తుడుస్తారు, తడి తువాళ్లు తీసి కొత్తవి పెడతారు. పెద్ద యంత్రాలు నిరంతరాయంగా గాలిని మారుస్తూ ఉంటాయి. తరువాతి అతిథి అడుగుపెట్టేసరికి ఆ గది మళ్లీ ఎవరూ వాడనట్టు ఉంటుంది. మనకు స్పాలో నచ్చే హాయిలో సగం ఈ పనిది. ఇంట్లో స్పా కావాలనుకునేవారు ఆ గదిలోని వస్తువులను తెచ్చుకుంటారు, ఆ పనిని మాత్రం తెచ్చుకోరు. ఇంట్లో ఆ పని నేల వాటం చేయాలి, ఎగ్జాస్ట్ ఫ్యాను చేయాలి, టైల్సు వెనకనున్న, నీటిని ఆపే పొర చేయాలి. అందుకే స్పా తరహా స్నానపు గదిని తడిసినప్పుడు ఎంత అందంగా ఉందో చూసి కాక, స్నానం ముగిసిన గంటలో ఎంత చక్కగా ఆరిందో చూసి బేరీజు వేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. డబ్బు కూడా ఆ వరుసలోనే ఖర్చు చేయాలి: ముందు నీరు, గాలి, ఆ తరువాతే రాయి, టబ్బు, కుళాయిలు.

ఈ మాట అన్నప్పుడు వెంటనే వచ్చిన ఆక్షేపణ ఒకటుంది. అంత ఖర్చుతో ఇల్లు కట్టుకునేవారికి తుడవడానికి మనిషి ఉండరా అని. ఉండవచ్చు. కానీ తుడిచే గుడ్డ నేల మీదికీ అద్దం మీదికీ వెళుతుంది గానీ, టైలు వెనకకూ ఫాల్స్ సీలింగు పైకీ పక్కగదిలోని బట్టల అల్మారాలోకీ వెళ్లదు. తేమ వెళుతుంది. పైగా ఆ గది తడిసేది ఎక్కువగా తెల్లవారుజామునో, రాత్రి పడుకోబోయే ముందో. ఆ వేళకు తుడిచే మనిషి ఉండరు.

గాలి సంగతి

ఈ గదుల విషయంలో అందరికంటే చివర గుర్తుకు వచ్చేది, అన్నింటికంటే ఎక్కువ పని చేయవలసింది ఎగ్జాస్ట్ ఫ్యానే. అమెరికాలో ఇళ్ల గాలి మార్పిడికి ప్రమాణంగా వాడే ఆశ్రే 62.2 ప్రకారం, అవసరమైనప్పుడు వేసుకునే బాత్రూం ఫ్యాను సెకనుకు కనీసం 25 లీటర్ల గాలిని, అంటే గంటకు 90 ఘనపు మీటర్లను బయటికి పంపాలి. ఐదు చదరపు మీటర్ల మామూలు స్నానపు గదిలో, కప్పు 2.7 మీటర్ల ఎత్తున ఉంటే, అది గంటకు ఆరేడుసార్లు గాలిని మార్చినట్టు. అదే ఫ్యానును 4 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న విలాసవంతమైన గదిలో పెడితే లోపలి గాలి 42 ఘనపు మీటర్లు గనక గంటకు రెండుసార్లకు కాస్త పైన మాత్రమే మారుతుంది. ఇటువంటి గదులకు గంటకు ఎనిమిదిసార్లు అన్నది ఒక మంచి లెక్క. ఆ లెక్కన 336 ఘనపు మీటర్లు కావాలి. అంటే చిన్న ఫ్యానులు నాలుగింటి పని. గది వైశాల్యం మూడింతలు అయినప్పుడు రాతి బిల్లు మూడింతలు అవుతుందని అందరికీ తెలుస్తుంది గానీ, ఫ్యాను సంగతి ఎవరికీ తట్టదు. మునుపటి ఇంట్లో ఉన్నదే ఇక్కడికీ వచ్చి కూర్చుంటుంది.

పెద్ద ఫ్యాను ఒకటి పెట్టి చేతులు దులుపుకోవడం కన్నా, షవరుకు ఒకటి, కమోడు ఉన్న చిన్న గదికి ఒకటి, టబ్బు వైపు ఒకటి చొప్పున పంచడం మేలు. ఆవిరి పుట్టినచోటనే దాన్ని పట్టుకోవాలి. గదంతా తిరిగాక పట్టుకోవడం కష్టం. దాని గొట్టం బయటి గోడ దాకానో కప్పు మీది దాకానో నేరుగా వెళ్లాలి, ఫాల్స్ సీలింగు మీద వదిలేయకూడదు. వంపులు పెరిగిన కొద్దీ, ముడతల గొట్టం వాడిన కొద్దీ ఫ్యాను డబ్బా మీద రాసిన అంకె ఉత్తదవుతుంది. ఇంకొకటి: బయటికి ఎంత గాలి పోతుందో అంత గాలి లోపలికి రావాలి. ఖరీదైన తలుపులు చప్పుడు రాకుండా నలువైపులా రబ్బరు పట్టీలతో బిగుసుకుంటాయి. దాంతో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం కదలదు. తలుపు కింద ఒకటి రెండు సెంటీమీటర్ల సందు వదలాలి, లేదా గాలి వచ్చే జాలీ ఒకటి వేరుగా పెట్టాలి. ప్రశాంతత కోసం బిగించిన తలుపే గదిని ఉక్కపోతలో ఉంచడం ఈ తరహా గదులలో తరచుగా కనిపించే వైరుధ్యం.

చప్పుడు గురించి అనుమానం సహజమే. గుర్రుమనే ఫ్యాను కింద స్పా అనుభూతి ఏముంటుంది? ఆ అనుమానంతోనే చాలామంది దాన్ని వేయరు, వేసినా వెంటనే ఆపేస్తారు. మోటారును గదికి దూరంగా, గొట్టం మధ్యలో పెట్టి, గదిలో జాలీని మాత్రమే ఉంచితే చప్పుడు దాదాపు వినబడదు. మనిషి బయటికి వెళ్లాక కూడా ఇరవై నిమిషాలు తిరిగేలా టైమరో, తేమను పసిగట్టి తనంతట తానే నడిచే సెన్సరో ఉంటే ఇక ఎవరి క్రమశిక్షణ మీదా ఆధారపడనక్కరలేదు.

కిటికీ తెరిస్తే సరిపోదా అని అడగవచ్చు. బయట పొడిగా, గాలిగా ఉన్న రోజున తప్పకుండా సరిపోతుంది. వాన పట్టిన రోజున, చలి రోజున కిటికీ ఎవరూ తెరవరు, వాన రోజున తెరిచినా తేమ అంతగా తగ్గదు. 25 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉన్న గాలి, సుమారు 21 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా అక్కడ నీరై కూర్చుంటుంది. టబ్బు పక్కన పెట్టిన ఆ అందమైన పెద్ద అద్దపు కిటికీయే చలికాలంలో గదిలోని అతి చల్లని తలం. దానికి రెండు పొరల అద్దం వేయాలి, బయటి గోడకు లోపలివైపు వెచ్చదనం నిలిపే పొర ఉండాలి. గోడ దగ్గరి తేమ 80 శాతానికి పైన రోజుల తరబడి నిలిస్తే బూజు పట్టడానికి అది చాలు.

నమూనా చిత్రాలలో నన్ను అన్నింటికంటే ఎక్కువ కలవరపెట్టినది మాత్రం బట్టల గది. పడకగదిలో నుంచి స్నానపు గదిలోకి, అందులో నుంచి బట్టల గదిలోకి దారి ఉంది. మధ్యన తలుపు లేదు, అద్దపు తెర మాత్రమే ఉంది. కంటికి ఆ విశాలత బాగుంటుంది, నడకకు అనుకూలం కూడా. కానీ రోజుకు రెండుసార్లు ఆవిరి నేరుగా పట్టుబట్టల మీదికీ తోలు సంచుల మీదికీ వెళుతుంది. బట్టల గదికి దారి పడకగది వైపు నుంచి ఉంటే ఈ ఇబ్బందే లేదు. ఆవిరి గది కూడా కావాలనుకునేవారు మరీ జాగ్రత్తపడాలి. అది 43 నుంచి 46 డిగ్రీల వేడిలో దాదాపు నూరు శాతం తేమతో నడుస్తుంది కాబట్టి గోడలూ కప్పూ అన్నీ ఆవిరిని ఆపే పొరతో మూసి, కప్పును ఒకవైపుకు వాలుగా కట్టాలి. లేకుంటే కప్పున పట్టిన నీరు చల్లగా నెత్తిన పడుతుంది.

నేల వాటం

నీళ్లు పోవడానికి నేలకు కావలసిన వాటం సుమారు రెండు శాతం, అంటే మీటరుకు రెండు సెంటీమీటర్లు. అంతే. ఆ కాస్త వాలు కోసం తీసుకోవలసిన నిర్ణయం మాత్రం శ్లాబు పోసే రోజుకే జరిగిపోయి ఉండాలి. గడప లేకుండా, గది నేల మట్టంలోనే షవరు రావాలని కోరుకుంటే ఆ మేరకు శ్లాబును ముందే కిందికి దించాలి. లేదంటే గది మొత్తాన్ని పైకి ఎత్తవలసి వస్తుంది, అప్పుడు గడప పడకగది తలుపు దగ్గరికి మారుతుంది. రాయి రంగు మీద నెలల తరబడి చర్చించినవారు ఈ దింపుడు గురించి మేస్త్రీతో ఒక్క మాట అనకపోవడం నేను చూశాను.

నాకు తెలిసిన ఒక ఇంట్లో షవరు నేలకు ఒకే పెద్ద పలక వేయించారు. చుట్టూ నాలుగు వైపుల నుంచి వాలు రావలసిన మధ్య జాలీని ఒక పలకలో కుదర్చలేరు కాబట్టి, పని చేసినవారు జాలీ చుట్టూ మాత్రం కాస్త పల్లం చేసి మిగతాదంతా మట్టంగా వదిలేశారు. అతుకు ఒక్కటీ కనబడని ఆ నేలను చూడవచ్చినవారంతా మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ ఇంటివారు స్నానానికి ముందు తలుపు దగ్గర పాత తువాలును గట్టులా చుట్టి పెట్టుకుంటారు. పెద్ద పలకలే కావాలంటే గోడ వెంబడి పొడవాటి జాలీ పెట్టి నేల మొత్తాన్ని ఒకే వైపుకు వాల్చాలి. మధ్య జాలీయే కావాలంటే చిన్న ముక్కల టైల్సు వేయాలి. అవి నాలుగు వాలులకూ ఒదుగుతాయి, మధ్యనున్న సందులను నింపే గ్రౌటు గీతలు కాలికి పట్టునూ ఇస్తాయి. ఈ రెండింటిలో ఏదైనా మంచిదే, రెండూ కలిపి కోరుకోవడమే కుదరదు.

టైల్సు గానీ గ్రౌటు గానీ నీటిని ఆపవు. ఆపేది వాటి కిందనున్న వాటర్‌ప్రూఫింగ్ పొర. అది వేశాక జాలీ మూసి, నేలంతా నీళ్లు నింపి 24 గంటలు ఉంచి, మట్టం తగ్గిందా, కింది కప్పుకు చెమ్మ వచ్చిందా అని చూడాలి. పని ఆలస్యమైన ఇళ్లలో ముందుగా వదిలేసేది ఈ ఒక్క రోజునే.

రాయి దగ్గర నా వాదన కాస్త సడలుతుందని ఒప్పుకోవాలి. పాలరాయి మీద చేయి వేసినప్పుడు కలిగే చల్లదనం, ప్రతి పలకలోనూ వేరుగా పారే ఆ చార, ఇవి మనసుకు ఇచ్చే హాయిని తేమ లెక్కలతో కొట్టిపారేయలేను. కానీ పాలరాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేట్, ఆమ్లం తగిలితే దాని మెరుపు పోతుంది. నీటిలో ఉప్పులు ఎక్కువగా ఉన్నచోట గోడల మీద తెల్లని చారలు పడతాయి. వాటిని పోగొట్టే మందులు ఆమ్లాలు. చారను వదిలిస్తే రాయి చెడుతుంది, రాయిని కాపాడితే చార మిగులుతుంది. పాలరాయిని చేతులు కడిగే సింకు వెనక గోడకో, టబ్బు వెనక పొడిగా ఉండే గోడకో ఇచ్చి, షవరులో పోర్సలిన్, అంటే గట్టిగా కాల్చిన పింగాణీ పలకలు, వాడడం నాకు నచ్చిన రాజీ. పోర్సలిన్ పీల్చుకునే నీరు దాని బరువులో అర శాతానికి మించదు, కాబట్టి త్వరగా ఆరుతుంది. నల్లరాయి, నల్ల కుళాయిలు ఫొటోలో ఎంత గంభీరంగా ఉంటాయో, ఎండిన ప్రతి చుక్కనూ అంత స్పష్టంగా చూపిస్తాయి.

జారుడు విషయంలో పలక నమూనాను పొడిగా తడిమి చూడడం వలన ఏమీ తెలియదు. తడిసిన ఉత్తకాళ్ల నేలల కోసం జర్మనీలో డిన్ 51097 పేరుతో వచ్చిన పరీక్ష ఒకటుంది. సబ్బు నీళ్లు పోసిన పలక మీద మనిషి చెప్పులు లేకుండా నిలబడి నడుస్తుండగా ఆ పలకను క్రమంగా వాల్చుతూ, ఎన్ని డిగ్రీల దగ్గర జారతాడో చూస్తారు. 12 డిగ్రీలకు ‘ఎ’, 18కి ‘బి’, 24కి ‘సి’ తరగతి. షవరుకు ‘బి’ అయినా ఉండాలి. గరుకు పెరిగితే మురికి పట్టుకోవడమూ పెరుగుతుంది గనక ‘సి’ తరగతి తెచ్చి గదంతా పరచడం కూడా తెలివైన పని కాదు.

చలి ప్రదేశాలలో నేల కింద వేడి తీగలు వేయించుకుంటారు. దాన్ని అందరూ పాదాలకు వెచ్చదనం అనే కోణంలోనే చూస్తారు గానీ, నా దృష్టిలో దాని అసలు ఉపయోగం నేలను ఆరబెట్టడం. రోమన్లు స్నానశాలల నేలను చిన్న స్తంభాల మీద నిలబెట్టి, కింది ఖాళీలోకి పొయ్యి వేడిని పంపేవారు. వెచ్చని గదికి ఒకటి, వేడి గదికి ఒకటి, చల్లని నీటికి ఒకటి అని వేరువేరుగా కట్టేవారు కూడా. మనం ఆ వరుసనంతటినీ ఒకే పెద్ద హాలులో కుదించాలని చూస్తున్నాం. ఎత్తైన కప్పు కింద వేడి గాలి పైకి వెళ్లిపోయి, తడి ఒంటితో నిలబడ్డవారికి కింద చలి మిగులుతుంది. ఎంత పెద్ద గది అయినా, షవరు భాగం ఇరుకుగా, తక్కువ ఎత్తులో, దాదాపు మూసినట్టు ఉంటేనే హాయి. తక్కువ మేర తడుస్తుంది కాబట్టి అదే త్వరగా ఆరుతుంది.

టబ్బు మీద నా సందేహం

టబ్బు వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. గంటసేపు నానడంలో నిజంగా ఆనందం పొందేవారున్నారు. అయితే కిటికీ పక్కన శిల్పంలా ఉంటుందని పెట్టించుకున్నవారూ ఉన్నారు, వారి టబ్బులో ఉతకవలసిన బట్టల బుట్ట ఉండడమూ చూశాను. అడగవలసిన ప్రశ్న: ఇప్పుడున్న ఇంట్లో, హోటలు గదిలో, టబ్బు దొరికినప్పుడల్లా మీరు దిగుతారా?

దిగుతామంటే లెక్కలు చూడాలి. పెద్ద టబ్బులో పట్టే 300 లీటర్ల నీరు 300 కిలోలు; రాతితో గానీ రాతిపొడి మిశ్రమంతో గానీ చేసిన టబ్బు, మనిషి కలిస్తే అర టన్ను సులభంగా దాటుతుంది, అది చదరపు మీటరున్నర చోటులో. ఇళ్ల నేలలను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక భారానికి లెక్కిస్తారు. ఇంజనీరుకు ముందే చెబితే ఇది సమస్యే కాదు, తరువాత చెబితే పెద్ద సమస్య. 60 డిగ్రీల వేడినీరు, 20 డిగ్రీల చన్నీరు కలిపి 40 డిగ్రీలకు తేవాలంటే అందులో సగం, 150 లీటర్లు, వేడినీరే కావాలి. ఇక వాన షవరు, పక్కనుంచి చిమ్మేవి, చేతి షవరు అన్నీ ఒకేసారి తెరిచి నిమిషానికి 40 లీటర్లు వాడితే, ఆ నీటిని అప్పటికప్పుడు 20 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 56 కిలోవాట్లు కావాలి. నిల్వ ట్యాంకు లేకుండా దీన్ని తలపెట్టకూడదు. వేడినీటి ట్యాంకు ఇరవై మీటర్ల దూరాన ఉంటే, 20 మిల్లీమీటర్ల గొట్టంలో ఆరు లీటర్లకు పైగా చల్లారిన నీరు ముందు పోవాలి. స్పాలో ఎవరూ చేయి చాచి వేడినీటి కోసం ఎదురుచూడరు. నీటిని తిప్పుతూ ఉండే చిన్న పంపు ఆ ఎదురుచూపును తీరుస్తుంది.

నీటి సుడులు తిప్పే టబ్బులంటే మాత్రం నాకు గట్టి అభ్యంతరమే ఉంది. స్నానం అయ్యాక వాటి లోపలి గొట్టాలలో కొంత నీరు నిలిచిపోతుంది. గోరువెచ్చని నిల్వ నీరు, ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియాకు అనువైన చోటు. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక సమావేశానికి వచ్చినవారు జబ్బుపడ్డాకనే శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. అది 20, 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది, ఆ నీటి తుంపరలను పీల్చడం వలన సోకుతుంది. క్రమం తప్పకుండా వాడి, శుభ్రం చేసేవారికి ఇది భయపడవలసిన విషయం కాదు. కానీ నెలకొకసారి వాడేవారే ఎక్కువ. ట్యాంకులో నీటిని 60 డిగ్రీల దగ్గర ఉంచాలనడం కూడా ఇందుకే. ఆ వేడి క్షణాలలో ఒళ్లు కాల్చగలదు కాబట్టి షవరు దగ్గర వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ వాల్వు తప్పనిసరి.

వెలుతురు, గోడల లోపల

వెలుతురు గురించి ఇప్పటికే అందరూ శ్రద్ధ పెడుతున్నారు కాబట్టి ఎక్కువ చెప్పను. పీటర్ జుమ్‌తోర్ అనే ఆర్కిటెక్టు రూపకల్పన చేయగా స్విట్జర్లండులోని వాల్స్‌లో 1996లో తెరిచిన స్నానశాలను ఈ గదులకు ఆదర్శంగా చాలామంది చూపిస్తారు. ఆ లోయలోనే తీసిన క్వార్ట్‌జైటు పలకలను పేర్చి దాన్ని కట్టారు. అందరూ ఆ రాతినే అనుకరిస్తారు. అక్కడి కప్పులోని సన్నని చీలికల నుంచి జారే వెలుగును, మిగిలినచోట వదిలేసిన చీకటిని ఎవరూ తీసుకోరు. ఇంట్లో కప్పంతా దీపాలు గుచ్చుతారు. 2700 కెల్విన్ల, అంటే పసుపు ఛాయ వెలుగునిచ్చే, దీపాలను వేరువేరు స్విచ్చులకు, వెలుగును తగ్గించే డిమ్మర్లకు కలిపి, అద్దానికి ఇరువైపులా ముఖం ఎత్తున రెండు, రాత్రి లేచినప్పుడు నేల దగ్గర వెలిగేది ఒకటి ఉంటే చాలు. షవరులోని దీపాలు నీటిని తట్టుకునేవై ఉండాలి, ఆ గది కరెంటు లైనుకు 30 మిల్లీ యాంపియర్ల కరెంటు లీకైతే తెగే రక్షణ స్విచ్చు ఉండాలి.

చేతిపట్టు కడ్డీల పేరెత్తితే ఇంటివారు నొచ్చుకుంటారు, ఆసుపత్రిలా ఉంటుందని. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కడ్డీలు ఇప్పుడే బిగించనక్కరలేదు. పలకల వెనక, షవరులోనూ కమోడు పక్కనా, రేపు కడ్డీ బరువును మోయగల గట్టి చెక్కనో, నిండు గోడనో ఇప్పుడు వదిలితే సరిపోతుంది. పైకి ఏమీ కనబడదు. ఆవిరి యంత్రానికీ టబ్బు పంపుకూ కవాటాలకూ చేయి పెట్టేంత తలుపు పక్కగది వైపున వదలాలి, లేకపోతే మొదటి మరమ్మతుకే రాతిని పగలగొట్టవలసి వస్తుంది. గోడలు మూసే ముందు రోజున కొలత టేపును పక్కన ఆనించి, ప్రతి గొట్టమూ తీగా కనబడేలా ఫొటోలు తీయించి, వాటిని ఇంటి పత్రాలతో పాటు భద్రపరచుకోవాలి. తువాలు వేసే కొక్కేనికి రంధ్రం వేయడానికి వచ్చేవారు ఆ గోడలో ఏముందో చూసుకోవడానికి మరో దారి ఉండదు.